బండి చేతికి వస్తే చాలదు, పట్టా కూడా రావాలి

(నానక్‌రామ్‌గూడలో ఉంటూ పని చేసుకుంటున్న పల్లె యువకుల సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం. ఊళ్ళలో ఉన్న తల్లిదండ్రులకు కూడా పనికొస్తుందని ఇక్కడ ఇస్తున్నాం.)



రైతు సంఘం వాళ్ళు వచ్చి సెకండ్ హ్యాండ్ మోటారు సైకిళ్ళ గురించి మాట్లాడతారట అని పొద్దున ఒక తమ్ముడు నవ్వాడు. నవ్వాల్సిందే. మద్దతు ధర, ఎరువుల కొరత, కరెంటు మోటార్లు, పాసు పుస్తకాలు, ఇవీ మేము రోజూ మాట్లాడేవి. కానీ ఈ మధ్య మా దగ్గరకు వస్తున్న కాగితాల సంచులు విప్పి చూస్తే పాసు పుస్తకాల మధ్యలో బండి కాగితాలు కనిపిస్తున్నాయి. కోర్టు నోటీసులు, ఫైనాన్సు వాళ్ళ నోటీసులు, ఆసుపత్రి బిల్లులు. కొడుకు పట్నంలో బండి కొన్నాడు, దాని బాధ ఊళ్ళో తండ్రి మెడకు చుట్టుకుంది. అందుకే ఈ మాట మాట్లాడక తప్పలేదు.

మనం కూర్చున్న ఈ నానక్‌రామ్‌గూడ కూడా ఒకప్పుడు ఊరే. పాత రంగనాథస్వామి గుడి ఇంకా ఉంది. చుట్టూ ఉన్న పొలాలు పోయి అద్దాల మేడలు లేచాయి. పక్కనే ఉన్న కోకాపేటలో 2023 ఆగస్టులో జరిగిన వేలంలో ఎకరం ధర 100 కోట్లు దాటింది. అంత ఖరీదైన నేల మీద మన పిల్లలు అన్నం పొట్లాలు, కిరాణా సామాన్లు మోస్తున్నారు, సెక్యూరిటీ డ్యూటీలు చేస్తున్నారు, ఆఫీసుల్లో హౌస్ కీపింగ్ చేస్తున్నారు. ఆ పనికి పోవాలంటే బండి కావాలి. రాత్రి షిఫ్టు అయిపోయాక రూముకు చేరాలన్నా బండి కావాలి. డెలివరీ పని అయితే బండి లేనిదే పనే లేదు. ఎద్దులు లేని రైతును ఎవరు పాలుకు పిలుస్తారు? ఇదీ అంతే.

కాబట్టి లైసెన్సు చేతికి రాగానే మొదట చేసే పని బండి కొనడం. కొత్తది కొనే స్తోమత లేదు. ఇంటికి ఫోన్ చేస్తారు. ఒక 45 వేలు కావాలి నాయనా అంటారు. ఆ 45 వేలు ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ పేరుతో కోత పెట్టకుండా ఆ ధర పూర్తిగా దక్కినా ఐదున్నర క్వింటాళ్ళ పత్తి. విత్తనం, మందులు, కూలీలు పోగా కాదు, మొత్తం పత్తి. వానాధారం చెలకల్లో ఎకరానికి ఎంత వస్తుందో ఇక్కడున్న పెద్దలకు చెప్పనక్కర లేదు. అదే డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,350, ఏడాదికి 16,200 రూపాయలు ఒక్క వడ్డీకే పోతుంది. అంత సొమ్ము పెట్టి కొనే వస్తువును మన పిల్లలు ఫోన్‌లో ఫొటో చూసి, అరగంటలో బేరం ఆడి, తెల్ల కాగితం మీద సంతకం చేసి తెచ్చుకుంటున్నారు.

సంతలో ఎద్దును అట్లా కొంటామా? పళ్ళు చూస్తాం, సుడులు చూస్తాం, గిట్టలు చూస్తాం, నాలుగు అడుగులు నడిపిస్తాం. వీలైతే నాగలి కట్టి చూస్తాం. అమ్మేవాడిది ఏ ఊరు, ఎందుకు అమ్ముతున్నాడు అని నలుగురిని వాకబు చేస్తాం. బండికీ అంతే.

ఇది తెల్ల కాగితం కొనుగోలు

ముందు కాగితాల సంగతి మాట్లాడతాం. ఇంజను చెడితే వెయ్యి, ఐదు వేలు పెట్టి బాగు చేయించుకోవచ్చు. కాగితం చెడితే జీవితమే చెడుతుంది.

సాదా బైనామా అంటే ఏమిటో తెలంగాణ రైతుకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. తెల్ల కాగితం మీద రాసుకుని డబ్బు ఇచ్చి భూమి దున్నుకుంటాం. కబ్జా మనది, పట్టా వాడిది. ఏళ్ళు గడిచాక ధర పెరిగితే పట్టాదారు వారసులు వచ్చి భూమి మాది అంటారు. ఆ తెల్ల కాగితం పట్టుకుని తహసీలు ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరిగిన వాళ్ళు మన సంఘంలో ఎంతమంది లేరు! ఆ బాధ పడ్డ తండ్రుల కొడుకులే ఈరోజు బండి విషయంలో మళ్ళీ అదే తప్పు చేస్తున్నారు. ఆర్‌సీ అంటే బండికి పట్టా. అది మన పేరున మారనంత కాలం బండి మనది కాదు.

చట్టం ఏం చెబుతోంది? 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, ఒకే రాష్ట్రంలో బండి అమ్మినప్పుడు అమ్మినవాడు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవాడు 30 రోజుల్లో తన పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టాలి. అమ్మేవాడిది ఫారం 29, కొనేవాడిది ఫారం 30. ఈ రెండు నంబర్లూ గుర్తు పెట్టుకోండి. భూమికి మ్యుటేషన్ ఎట్లాగో బండికి ఇది అట్లాగు.

మార్చుకోకపోతే ఏమవుతుంది? రెండు ఉదాహరణలు చెబుతాం. రెండూ మా సంఘ సభ్యుల ఇళ్ళలో జరిగినవే. పేర్లు అవసరం లేదు.

మొదటిది అమ్మినవాడి కథ. నాగర్‌కర్నూల్ వైపు ఒక రైతు తన పాత బండిని తెలిసినవాడికి అమ్మాడు. డబ్బు తీసుకున్నాడు, తాళం ఇచ్చాడు, కాగితం మీద రాసుకున్నారు. ఆ బండి ఇంకా రెండు చేతులు మారింది. చివరిగా నడిపినవాడు ఒక ముసలాయనను గుద్దాడు. బండికి బీమా లేదు. నష్టపరిహారం కేసులో నోటీసు ఎవరికి వచ్చింది? ఏళ్ళ కిందట బండి అమ్ముకుని మరిచిపోయిన ఈ రైతుకు. ఆయన కాగితం చూపించాడు. కానీ ఆ కాగితం ఆయనను కాపాడలేదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో ఈ మాట తేల్చి చెప్పింది. అక్కడ ఒక కారు చేతుల మీద చేతులు మారుతూ పోయింది. ఆర్‌సీ మాత్రం మొదటివాడి పేరునే ఉంది. రికార్డులో ఎవరి పేరు ఉందో చట్టం దృష్టిలో యజమాని అతనే, పరిహారం బాధ్యత అతనిదే అని కోర్టు చెప్పింది. బాధితుడు చేతులు మారిన వాళ్ళందరినీ వెతుక్కుంటూ తిరగలేడు కదా. ఆ తీర్పు న్యాయమైనదే. జాగ్రత్త పడాల్సింది మనం.

రెండోది కొన్నవాడి కథ. మన సభ్యుడి కొడుకు, 20 ఏళ్ళు. లైసెన్సు వచ్చిన నెలలోనే సెకండ్ హ్యాండ్ బండి కొన్నాడు. పేరు మార్పు తరువాత చూసుకుందాం అనుకున్నాడు. పేరు మార్పుకు ఒక రోజు సెలవు పెట్టాలి, ఆ రోజు సంపాదన పోతుంది. అందుకని వాయిదా వేశాడు. మూడో నెలలో రాత్రి పూట టిప్పరు కింద పడ్డాడు. ప్రాణం దక్కింది, కుడి కాలు మోకాలి కింద పోయింది. బండి యజమానే నడుపుతూ ప్రమాదానికి గురైతే వర్తించే వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షల రూపాయలకు ఉంటుంది. ఒక కాలు పోతే అందులో సగం, అంటే ఏడున్నర లక్షలు వస్తుంది. దానికి ప్రీమియం ఏడాదికి వెయ్యి రూపాయల లోపే. కానీ అది ఆర్‌సీలో పేరున్న యజమానికి, చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటేనే వర్తిస్తుంది. ఈ పిల్లవాడికి లైసెన్సు ఉంది, ఆర్‌సీలో పేరు లేదు. టిప్పరు మీద వేసిన కేసు వేరే నడుస్తోంది, అది ఎప్పటికి తేలుతుందో అప్పటికే. ఒక రోజు కూలి పోతుందని ఆగినందుకు ఏడున్నర లక్షలు పోయాయి. ఆ తండ్రి మా ఆఫీసులో కూర్చుని, పట్టా పేరు మీద లేక రైతు బీమా రాని నా తమ్ముడి కథే మళ్ళీ జరిగింది అన్నాడు. మా దగ్గర జవాబు లేకపోయింది.

బండి మీద ఎవరి అప్పు ఉంది?

భూమి కొనేటప్పుడు ఈసీ తీయిస్తాం. బండి మీద కూడా అప్పు ఉంటుంది. ఆర్‌సీలో హైపోథికేషన్ అని ఫైనాన్సు కంపెనీ పేరు ఉంటే ఆ బండి ఇంకా తాకట్టులో ఉన్నట్టు. కిస్తీలన్నీ కట్టేశాను అన్న మాట నమ్మవద్దు. అప్పు తీరిందని కంపెనీ ఇచ్చిన ఎన్‌ఓసీ, ఫారం 35 చూపించాలి. అంతకన్నా మంచిది, అమ్మేవాడే ముందుగా ఆర్‌సీలో ఆ పేరు తీయించుకుని రావాలి. మిగిలిన కిస్తీలు నువ్వు కట్టుకో తమ్ముడూ, బండి తీసుకుపో అనేవాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామంది ఉంటారు. ఆ బేరం పెట్టుకోవద్దు. కిస్తీలు నువ్వు కడతావు, చివరికి బండి ఎవరిదో నీకు తెలియదు.

వేరే రాష్ట్రం బండ్లు ఇక్కడ ఎక్కువ. ఐటీ ఉద్యోగులు బెంగళూరు నుంచి, పూణె నుంచి, విజయవాడ నుంచి బండ్లు తెచ్చుకుంటారు, వెళ్ళిపోయేటప్పుడు అమ్ముతారు. వాళ్ళ దగ్గర కొనడం మంచిదే. బండిని బాగా చూసుకున్నవాళ్ళు ఉంటారు, సర్వీసు రికార్డు ఉంటుంది, అమ్మడానికి కారణం కూడా నిజమైనదే. కానీ పక్క రాష్ట్రం నంబరు ఉంటే అక్కడి రవాణా శాఖ నుంచి ఎన్‌ఓసీ, అంటే ఫారం 28 కావాలి. ఇక్కడ జీవిత పన్ను మళ్ళీ కట్టాలి. ఆ ఖర్చు, ఆ తిరుగుడు ధరలో తగ్గించుకోవాలి. ఎన్‌ఓసీ తరువాత పంపిస్తాను అంటే బండి కూడా తరువాతే తీసుకుంటాం అనండి. అతను విమానం ఎక్కాక ఫోన్ ఎత్తడు.

నంబరు ప్లేటు చూస్తేనే కొంత సంగతి తెలుస్తుంది. టీజీ అంటే 2024 మార్చి తరువాతి రిజిస్ట్రేషను. టీఎస్ అంటే 2014 జూన్ నుంచి అప్పటి దాకా. ఏపీ 39 అంటే 2019 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్టరు అయినది. ఆర్‌సీకి మొదట 15 ఏళ్ళే గడువు. ఆ గడువు దగ్గర పడ్డ బండి చవకగా వస్తుంది. రెన్యువల్, హరిత పన్ను, మరమ్మతులు కలిపితే ఆ చవక ఎక్కడికో పోతుంది.

ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్న వాటితో అక్షరం అక్షరం సరిపోల్చండి. ఛాసిస్ నంబరు ఎక్కువగా హ్యాండిల్ కింద మెడ దగ్గర ఉంటుంది. అక్కడ గీకినట్టు, కొత్తగా రంగు వేసినట్టు కనిపిస్తే వెనక్కి తిరిగి రండి. దొంగ బండి కొన్నవాడు కూడా పోలీసు స్టేషను మెట్లు ఎక్కాల్సిందే. పెండింగు చలాన్లు ఎన్ని ఉన్నాయో నంబరు కొట్టి చూడండి, అమ్మేవాడితోనే కట్టించండి. చలాన్లు మనిషి వెంట కాదు, బండి వెంట వస్తాయి.

ఇంకొక సంగతి ఉంది. చనిపోయిన తండ్రి బండిని కొడుకు అమ్ముతుంటాడు. భూమికి విరాసత్ ఎట్లాగో బండికి కూడా అట్లాగే వారసుడి పేరుకు ముందు మారాలి. దానికి ఫారం 31 ఉంది, మూడు నెలల లోపు పెట్టాలి. మన ఇళ్ళలోనే ఎన్ని బండ్లు చనిపోయినవాళ్ళ పేరు మీద నడుస్తున్నాయో ఈరోజు ఇంటికి ఫోన్ చేసి అడగండి.

ఎలాంటి బండి కొనాలి?

లైసెన్సు కొత్తగా వచ్చినవాళ్ళు ముందు తమ లైసెన్సు తీసి చూసుకోవాలి. గేర్లు లేని బండికి మాత్రమే ఇచ్చిన లైసెన్సుతో గేర్ల బండి నడపకూడదు. ఎల్‌ఎల్‌ఆర్ లైసెన్సు కాదు, అది నేర్చుకోవడానికి ఇచ్చిన అనుమతి. దానితో డెలివరీ పనికి ఎక్కవద్దు.

కుర్రవాళ్ళ కన్ను పెద్ద బండి మీద ఉంటుంది. తప్పు పట్టం. కానీ కొత్తగా పగ్గం పట్టినవాడికి పొగరు కోడెను ఇస్తామా? ముసలిదైనా నిదానమైన ఎద్దును కట్టి దున్నడం నేర్పిస్తాం. 100 నుంచి 125 సీసీ బండి చాలు. స్ప్లెండర్ లాంటి బండి బరువు సుమారు 112 కిలోలు. బుల్లెట్ తరగతి 350 సీసీ బండి 195 కిలోల దాకా ఉంటుంది. వానలో, బురదలో, ఫ్లైఓవరు ఎక్కే చోట ట్రాఫిక్ ఆగినప్పుడు ఆ 80 కిలోల తేడా మీ కాలికి తెలుస్తుంది. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. అది ఒక్కటే కొలత, మిగతావన్నీ తరువాత.

చిన్న బండికి ఇంకొక లాభం ఉంది. ప్రతి వీధిలో మెకానిక్‌కు దాని రోగం తెలుసు, విడి భాగాలు మీ మండల కేంద్రంలో కూడా దొరుకుతాయి. రేపు పట్నం పని వదిలి ఊరికి పోయినా పొలం దారిలో, యూరియా బస్తా కోసం పోవడానికి అదే బండి పనికొస్తుంది.

ఏ సంవత్సరం బండి తీసుకోవాలి? 2019 ఏప్రిల్ నుంచి అమ్మిన కొత్త బండ్లకు 125 సీసీ వరకు సీబీఎస్, ఆ పైన ఏబీఎస్ తప్పనిసరి. సీబీఎస్ అంటే ఒక బ్రేకు నొక్కితే రెండో చక్రానికీ కొంత బ్రేకు పడుతుంది. ఏబీఎస్ అంటే గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోయి జారదు. కొత్తవాళ్ళు భయంలో ఒకే బ్రేకును గట్టిగా తొక్కి పడతారు. కాబట్టి వీలైనంత వరకు 2019 ఏప్రిల్ తరువాతి బండి చూడండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చినవి బీఎస్-6 బండ్లు. పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. మన చెరుకు, మక్కలు, నూకల నుంచి తీసేదే. ఆ పెట్రోలు కోసం తయారు కాని పాత బండ్లలో రబ్బరు పైపులు, కార్బురేటరు వాషర్లు త్వరగా పాడవుతాయి. పాత బండి కొంటే అవి మార్పించుకోండి.

ధర సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు కొత్త బండ్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. నేను ఇంత పెట్టి కొన్నాను అని అమ్మేవాడు పాత బిల్లు చూపిస్తాడు. మీరు ఈనాటి కొత్త బండి ధర కనుక్కుని పోండి. అక్కడి నుంచి కిందికి బేరం ఆడండి. మీ దగ్గర ఉన్న డబ్బంతా బండికే పెట్టవద్దు. 45 వేలు ఉంటే 35 వేల బండి చూడండి. మిగతా 10 వేలు టైర్లకు, చైను సెట్టుకు, బీమాకు, పేరు మార్పుకు, హెల్మెట్‌కు కావాలి.

పళ్ళు చూసే పద్ధతి

పొద్దున పూట, వెలుతురులో, తెలిసిన మెకానిక్‌ను వెంట పెట్టుకుని పోండి. అతనికి రెండు మూడు వందలు ఇచ్చినా నష్టం లేదు. నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దు అని అమ్మేవాడికి ముందే చెప్పండి. చల్లగా ఉన్న ఇంజను ఒకటి రెండు కిక్కులకు స్టార్ట్ కావాలి. వేడి చేసి పెట్టిన ఇంజను దాని జబ్బు దాస్తుంది.

పొగ చూడండి. నీలం రంగు పొగ ఆగకుండా వస్తే ఇంజను ఆయిల్ తాగుతోంది, పిస్టను రింగులు పోయాయి. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతోంది. చలి పొద్దున కాసేపు తెల్లగా వచ్చి ఆగిపోతే భయం లేదు.

బండిని మెయిన్ స్టాండ్ మీద పెట్టి ముందు చక్రం లేపి హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పండి. మధ్యలో పట్టినట్టు ఆగితే కోన్‌సెట్ పోయింది. వెనక నుంచి చూస్తే రెండు చక్రాలూ ఒకే గీతలో ఉండాలి. నాగలి వంకర ఉంటే సాలు వంకర పోతుంది. ఫ్రేము వంగిన బండి కూడా అంతే, ఎంత చవకైనా వద్దు. ముందు ఫోర్కుల మీద ఆయిల్ తడి ఉందా, చైను పళ్ళ చక్రం పళ్ళు కొడవలిలా వంగి ఉన్నాయా చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 3221 అంటే 2021వ సంవత్సరం 32వ వారంలో తయారైంది అని. గాడులు లోతుగా కనిపించినా ఏళ్ళ నాటి టైరు రబ్బరు గట్టిపడి వానలో జారుతుంది.

మీటరును నమ్మవద్దు. ఈ ప్రాంతంలో డెలివరీకి తిరిగిన బండి రెండేళ్ళలోనే చాలా దూరం పరుగెత్తి ఉంటుంది. 18 వేల కిలోమీటర్లు అని మీటరు చెబుతుంటే ఫుట్‌రెస్ట్ రబ్బరు, బ్రేకు పెడలు, హ్యాండిల్ గ్రిప్పు చూడండి. అవి నున్నగా అరిగి ఉంటే మీటరు అబద్ధం చెబుతున్నట్టు. మీటరును వెనక్కి తిప్పుతారు, పెడలు అరుగుదలను మాత్రం దాచలేరు.

నీళ్ళలో మునిగిన బండ్లు కూడా సంతకు వస్తాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్ వరదల్లో ఎన్ని బండ్లు మునిగాయో మీకు గుర్తుంది. సీటు తీసి కింద చూడండి. మూలల్లో ఒండ్రు మట్టి, తుప్పు పట్టిన స్క్రూలు, హెడ్‌లైటు అద్దం లోపల తేమ మరకలు ఉంటే ఆ బండి వైర్లు ఏదో ఒక రాత్రి మిమ్మల్ని దారిలో దించేస్తాయి.

తరువాత నడిపి చూడండి. మీకు నమ్మకం లేకపోతే అనుభవం ఉన్నవాళ్ళతో నడిపించండి. మూడో గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను మోత పెరిగి బండి మాత్రం కదలకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. ఖాళీ చోట బ్రేకు వేస్తే పక్కకు లాగకూడదు. వేగం తగ్గాక ఒక క్షణం హ్యాండిల్ పట్టు వదులు చేసి చూస్తే ఊగకూడదు.

డబ్బు విషయం ఒక్క మాట. మిలిటరీలో ఉన్నాను, బదిలీ అయింది, సగం ధరకే ఇస్తాను, ముందు కొంచెం ఫోన్‌లో పంపండి, బండి పార్సిల్‌లో వస్తుంది అనేవాళ్ళు అందరూ దొంగలే. బండిని, ఆర్‌సీలో పేరున్న మనిషిని, అతని ఆధార్‌ను మూడింటినీ ఒకేచోట కళ్ళారా చూడనిదే ఒక్క రూపాయి ఇవ్వవద్దు. ఇచ్చేది కూడా బ్యాంకు ద్వారా, అతని పేరున్న ఖాతాకే ఇవ్వండి. మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

కొన్నాక

అదే వారంలో పేరు మార్పుకు పెట్టండి. మూడో పక్షం బీమా బండి వెంట వస్తుంది. అయినా 14 రోజుల్లో బీమా కంపెనీకి తెలియజేసి మీ పేరుకు మార్పించుకోండి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండ్లకు మూడో పక్షం బీమా ఐదేళ్ళకు ఒకేసారి కట్టించుకుంటున్నారు. ఆ ఐదేళ్ళు ఎప్పటికి అయిపోతాయో చూసుకోండి. వ్యక్తిగత ప్రమాద బీమా తప్పకుండా మీ పేరున కొత్తగా తీసుకోండి. డెలివరీకి గానీ బైక్ ట్యాక్సీకి గానీ నడుపుతుంటే ఆ సంగతి బీమా కంపెనీకి చెప్పి, వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. చెప్పకుండా దాస్తే క్లెయిము రోజున వాళ్ళు అదే పట్టుకుంటారు.

ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్ కొనండి, బెల్టు బిగించండి. వెనక కూర్చునేవాళ్ళకు కూడా. దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళే. ఆ లెక్కలో మన ఊళ్ళ పిల్లలు ఉన్నారు.

మొదటి నెల రాత్రి ఆర్డర్లు పట్టుకోవద్దు. ఆదివారం పొద్దున ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రోడ్లు ఖాళీగా ఉంటాయి, అక్కడ మలుపులు, బ్రేకులు సాధన చేయండి. అవుటర్ రింగ్ రోడ్డు మీదికి బండ్లకు అనుమతి లేదు, సర్వీసు రోడ్డే మనది. ఆ సర్వీసు రోడ్డు మీద టిప్పర్లు, కాంక్రీటు లారీలు తిరుగుతాయి, కంకర ఇసుక రాలి ఉంటుంది. ఇసుక మీద ముందు బ్రేకు గట్టిగా పట్టవద్దు. లారీకి ఎడమ పక్క నుంచి దూరవద్దు. డ్రైవరు అద్దంలో మీకు కనిపించకపోతే మీరూ అతనికి కనిపించనట్టే. పది నిమిషాల్లో చేరాలని ఫోన్ తొందర పెడుతుంది. ఆ ఫోన్‌కు మీ తల్లి పేరు తెలియదు.

మా డిమాండ్లు

జాగ్రత్తలన్నీ మీకే చెప్పి వెళ్ళిపోతే అది సంఘం పని కాదు. పంటకు గిట్టుబాటు ధర ఉంటే ఈ పిల్లల్లో సగం మంది ఇక్కడ ఉండేవాళ్ళు కాదు. రైతు బీమా 2018 ఆగస్టు 15 నుంచి పట్టాదారు రైతులకు 5 లక్షలు ఇస్తోంది. పట్టా తండ్రి పేరున ఉంటే పట్నంలో బండి మీద తిరిగే కొడుక్కి అది వర్తించదు. గిగ్ కార్మికులకు 5 లక్షల ప్రమాద బీమాను రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో ప్రకటించింది. అది ప్రతి ఒక్కరికీ అందాలి, దానికి ప్రతి ఒక్కరి పేరూ నమోదు కావాలి. రాజస్థాన్ 2023లోనే గిగ్ కార్మికులకు చట్టం చేసింది. ఇక్కడ కూడా పనిచేసే చట్టం అమలు కావాలి. పని చేయించుకుంటున్న కంపెనీలు ప్రమాద బీమా ప్రీమియం కట్టాలి. పేరు మార్పు కోసం ఒక రోజు కూలి పోగొట్టుకునే అవసరం లేకుండా రవాణా శాఖ సెలవు రోజుల్లో ఇటువైపు శిబిరాలు పెట్టాలి. రాత్రి షిఫ్టు వాళ్ళకు బస్సులు నడపాలి. బస్సు ఉంటే బండి అప్పే అక్కరలేని వాళ్ళు ఈ గదిలోనే చాలామంది ఉన్నారు.

పెద్దలకు చివరగా ఒక మనవి. కొడుకు ఫోన్ చేసి 45 వేలు అడిగితే లేదనవద్దు, వెంటనే పంపించనూ వద్దు. ఆర్‌సీ ఎవరి పేరున ఉంది? అప్పు ఉందా? బీమా ఎప్పటి దాకా? పేరు ఏ రోజు మారుతుంది? ఈ నాలుగు అడగండి. నాలుగింటికీ జవాబు వచ్చాక పంపండి. 18 నిండని పిల్లవాడికి తాళం ఇవ్వవద్దు, చట్టం ముందు తల్లిదండ్రులే దోషులవుతారు. మీ ఇంటి ముందు ఉన్న పాత బండి అమ్మితే ఫారం 29 మీద సంతకం పెట్టి, అది రవాణా శాఖలో అందినట్టు రసీదు తీసుకుని పాసు పుస్తకం పక్కన దాచుకోండి.

కాగితాలు చూడటం చేతకాకపోతే సిగ్గుపడవద్దు. బేరం ముగిసే ముందే మా కార్యకర్తల దగ్గరకు తీసుకురండి. ముగిసిన తరువాత కూడా వస్తారు, మేము కాదనం. కానీ ముందే వస్తే చేయగలిగింది చాలా ఉంటుంది.